కుంకుమపువ్వు పాలు

మా పులియంతోపులో ఏ ఇంట్లోనైనా ఆడపిల్ల నీళ్లోసుకుందంటే చాలు, కుంకుమపువ్వు మాట లేస్తుంది. పాలల్లో వేసి తాగితే బిడ్డ ఎర్రగా పుడుతుందని ఆశ. మా చిన్న కోడలికి ఐదో నెల. వాళ్లమ్మ షావుకారుపేటలో గ్రాము డబ్బీ కొనుక్కొచ్చింది. ఇళ్లల్లో పనిచేసుకునే మనిషి, దాచుకున్న డబ్బు దానికే పెట్టింది.

నేను బిన్నీ మిల్లు 1996లో మూతబడేదాకా డైయింగులో చేసినవాణ్ణి. ఖాకీకి రంగెయ్యడం మా పని. అందుకని నాలుగు పోగులు గోరువెచ్చని నీళ్లల్లో వేసి చూశాను. వెయ్యగానే నీళ్లు ఎర్రబడ్డాయి, పోగు తెల్లగా తేలింది. అసలుదైతే పసుపు రంగు మెల్లగా దిగుతుంది, పోగు ఎర్రగానే నిలుస్తుంది. "ఇది ఏదో పీచుకు రంగేసింది చెల్లెమ్మా" అన్నాను. పాపం, ఆమె మాట్లాడలేదు.

అసలుది కాశ్మీరులో పాంపోరు దగ్గర పండుతుంది. పువ్వుకు మూడే పోగులు. గ్రాముకు 150 పూలదాకా కావాలి, అన్నీ చేత్తో ఏరాల్సిందే. మరి చవగ్గా ఎట్లా దొరుకుతుంది?

అరుంబాక్కం సర్కారు దేశవైద్యం ఆసుపత్రిలో ఆయుర్వేదం డాక్టరమ్మను అడిగాము. భావప్రకాశం అనే పాత గ్రంథంలో దీని గుణాలు ఉన్నాయంట. తలనొప్పికి, వాంతులకు, పుండ్లకు, మొహంమీద మంగుకు మంచిదని. కుంకుమాది తైలం మొహానికి రాసేది ఆ మంగుకే. ఒంటి రంగుకు మంచిదన్న మాటా ఉంది, కానీ అది వాడినవాళ్ల చర్మం గురించి, కడుపులో బిడ్డ గురించి కాదు. బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి వచ్చేదే. రెండు మూడు పోగులు పాలల్లో వేసుకుంటే తప్పులేదు, ఎక్కువైతే గర్భానికే చెరుపు అని గట్టిగా చెప్పింది.

మా ఇంట్లో అందరమూ నలుపే. ఆ చేతులతోనే మిల్లు నడిపాము. పుట్టని బిడ్డకు ఇప్పట్నించే వంక పెట్టడం నాకు నచ్చదు.

అసలు కష్టం వేరే ఉంది. కార్పొరేషన్ ఆసుపత్రి కార్డులో కోడలి రక్తం 8.5 అని రాశారు. కనీసం 11 ఉండాలంట. ఇనుము మాత్రలు అక్కడ ఊరికే ఇస్తారు. మునగాకు, ఖర్జూరం, వేరుశనగ మనకు అందేవే. ఇంకొక సంగతి, ఆ మాత్ర పాలతోగానీ టీతోగానీ మింగకూడదు, ఇనుము ఒంటికి పట్టదు. మా కోడలు మధ్యాహ్నం మాత్ర మింగి, పాలు రాత్రి పడుకునేముందు తాగుతోంది.