ఆకాశపు గాజు

నా చిన్నతనంలో అల్మాస్‌గూడ ఇంకా పల్లెటూరే. ఉర్దూలో అల్మాస్ అంటే వజ్రం. ఆ సంగతి తెలిసిన నాటినుంచి మా ఊళ్ళో వజ్రాలున్నాయని నాకు గట్టి నమ్మకం.

ఒకనాడు కుంట గట్టున నాకొక ఆకుపచ్చని రాయి దొరికింది. ఎండకు పట్టి చూస్తే లోపల చిన్న చిన్న బుడగలు కనిపించాయి.

"తమ్మీ, ఇది ఆకాశంనుంచి పడిన గాజు! అమ్మితే చాలా డబ్బొస్తుంది," అన్నాడు మా పెద్దనాయన కొడుకు. అటువంటి గాజును గురించి ఏదో పుస్తకంలో చదివాడట.

మర్నాడు దానిని మా సైన్సు సారుకు చూపించాను.

"ఆకాశంనుంచి పడేది ఉల్క, బిడ్డా. గాజయ్యేది మన నేలమీది రాయే," అన్నారాయన.

"అదెట్లా సార్?"

"పెద్ద ఉల్క సెకనుకు ఎన్నో కిలోమీటర్ల వేగంతో వచ్చి నేలను ఢీకొంటుంది. అప్పుడు పుట్టే వేడికి అక్కడి రాళ్ళు కరిగి, చుక్కలుగా పైకెగిరి, గాలిలోనే చల్లారిపోతాయి. మీ అమ్మ ముదురు బెల్లంపాకాన్ని చన్నీళ్ళలో వేస్తే చటుక్కున గడ్డకట్టి పెళుసవుతుంది గదా? ఇదీ అంతే. స్ఫటికాలుగా పేరుకునే వ్యవధి లేక రాయి గాజవుతుంది. సుమారు 1.5 కోట్ల ఏళ్ళ కిందట జర్మనీలో ఒక ఉల్క పడి, 24 కిలోమీటర్ల వెడల్పున గొయ్యి చేసింది. అప్పుడెగిరిన ఆకుపచ్చ గాజు చెక్ దేశంలో ఈనాటికీ దొరుకుతుంది. దాని పేరు మోల్డవైట్."

నా గుండె దడదడ కొట్టుకున్నది. సారు నవ్వి, "అంచు తడిమి చూడు," అన్నారు.

సన్నని, తిన్నని గీత ఒకటి వేలికి తగిలింది.

"అది అచ్చు అతుకు. ఇది సీసాపెంకు. నీళ్ళలో ఇసుక ఒరిసి నునుపు తేరింది. ఇటువంటి గాజునే మోల్డవైట్ అని చెప్పి అమ్మే మోసగాళ్ళున్నారు."

"ఆ గీతను అరగదీస్తే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు అన్న ఇంటికి వచ్చాక. నేను సానరాతి దగ్గర కూర్చున్నాను కూడా. కాని చేతులు రాలేదు. గీత పోతే, అదేమిటో చెప్పే సాక్ష్యమే పోతుంది.

పెద్దవాణ్ణయ్యాక మహారాష్ట్రలోని లోనార్ వెళ్ళాను. అక్కడ ఉల్క చేసిన గొయ్యి వెడల్పు సుమారు 1.8 కిలోమీటర్లు. అడుగున ఉప్పునీటి చెరువు. దక్కను నల్లరాయి కరిగి అయిన గాజు ఆ చుట్టుపక్కల ఉన్నది. దానిని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. ఆ చోటు అభయారణ్యం కూడా. అందుచేత కళ్ళారా చూశానేగాని, ఒక్క రాయైనా ఏరలేదు. ఏ రాయి ఎక్కడ పడి ఉన్నదో, అదికూడా శాస్త్రజ్ఞులకు సాక్ష్యమే గదా!

ఆ పెంకు ఇప్పటికీ నా పెట్టెలో భద్రంగా ఉన్నది. దానికి కట్టిన చీటీమీద ఇలా రాశాను: "సీసాపెంకు. దొరికిన చోటు, అల్మాస్‌గూడ కుంట గట్టు."