బెల్టు లేని బండ్ల బాటలో...

హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్లే రహదారిలో జడ్చర్ల దాటాక కాసేపు రోడ్డునే చూస్తూ కూర్చోండి. రెండు రకాల బండ్లు కనపడతాయి. ఒకటి... బెల్టు పెట్టుకోకపోతే 'టింగ్ టింగ్' మంటూ గోల చేసే కొత్త కార్లు. అవి నేరుగా బెంగళూరు పోతాయి. రెండోది... రంగు వెలిసిన పాత జీపులు, ఎప్పుడో కొన్న అంబాసిడర్లు. ఇవి మాత్రం కొత్తకోట దగ్గరో, పెబ్బేరు దగ్గరో, ఎర్రవల్లి చౌరస్తాలోనో పక్కకు తిరిగి పల్లెల్లోకి మాయమైపోతాయి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11న మూడు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. అంతకుముందు అంతా ఒకటే పాలమూరు. పాత బండ్ల నెంబరు ప్లేట్ల మీద ఆ సంగతి ఇంకా చెరిగిపోలేదు. ఏపీ 22 అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా. తర్వాత టీఎస్ 06 వచ్చింది. జిల్లాలు విడిపోయాక నాగర్‌కర్నూల్‌కు 31, వనపర్తికి 32, గద్వాలకు 33. 2024 మార్చి నుంచి టీఎస్ పోయి టీజీ. ప్లేటు చూసి బండి వయసు చెప్పేయొచ్చన్న మాట!

వయసు మీరిన ఆ బండ్లలో చాలావాటికి సీటు బెల్టు ఉండదు. ఊడిపోయి కాదు, అసలు పెట్టలేదు. మన దేశంలో కార్లకు ముందు సీట్ల బెల్టులు తప్పనిసరి అయింది 1994లో. వెనక సీట్లకు 2002లో. అంతకుముందు తయారైన బండికి బెల్టు ఉంటే అది యజమాని ముచ్చటే. మరి చట్టం ఏమంటోంది? కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వది చదివితే విషయం తేలిపోతుంది. బెల్టులు అమర్చిన బండిలో మాత్రమే డ్రైవరూ, ముందు సీటులో కూర్చున్నవారూ, ముందుకు చూస్తూ ఉండే వెనక సీట్లవారూ వాటిని పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే 2019 సవరణ చట్టం ప్రకారం 1,000 రూపాయల జరిమానా. రాష్ట్రాలు దాన్ని అమలు చేసే తీరు వేరు వేరు, అది వేరే కథ. కానీ బెల్టే లేని 1985 నాటి అంబాసిడర్‌ని ఆపి 'బెల్టేదీ?' అని అడిగితే... దాని దగ్గర జవాబుంది. పుట్టినప్పుడే లేదు!

'నా బండి, నా ప్రాణం. మధ్యలో సర్కారుకేం పని?' అనే మాట పాత బండి ఉన్న ప్రతిచోటా వినపడేదే. మన దగ్గరే కాదు. అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో పెద్దవాళ్లు బెల్టు పెట్టుకోవాలన్న చట్టం నేటికీ లేదు. స్వేచ్ఛగా బతుకు లేదా చావు అన్న అర్థమొచ్చే నినాదాన్ని అక్కడ కార్ల ప్లేట్ల మీదే రాసుకుంటారు. బ్రిటన్‌లో 1983లో ముందు సీట్లకు బెల్టు చట్టం వచ్చినా, 1965కి ముందు తయారై బెల్టుల్లేని కార్లను వదిలేశారు. పాతదాన్ని కొత్త కొలతతో కొలవకూడదన్న న్యాయం అందులో ఉంది. మనం ఇవాళ భుజం మీదుగా లాక్కునే మూడు కొసల బెల్టును వోల్వో కంపెనీ ఇంజినీరు నిల్స్ బోలిన్ రూపొందించింది 1959లో. అంతకు ముందు పుట్టిన బండిని తప్పుపట్టి ఏం లాభం?

కాకపోతే ఈ వాదన పాలమూరు రోడ్ల మీద కాస్త తిరిగేసరికి పట్టు తప్పుతుంది.

<b>పాలెం దగ్గర...</b>

కొత్తకోట మండలం పాలెం దగ్గర 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో బస్సు కల్వర్టును ఢీకొని తగలబడింది. 45 మంది ఆహుతైపోయారు. పాత పాలమూరు వాసులు ఈ దారిలో వెళ్తూ ఇప్పటికీ ఆ చోటు వైపు ఓసారి చూస్తారు. 'బెల్టు కట్టుకుంటే మంటల్లో ఇరుక్కుపోతాం' అన్న భయం ఈ ప్రాంతంలో ఎవరైనా చెబితే కొట్టిపారేయడానికి నోరు రాదు. కానీ ఒక్కటి ఆలోచించాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో గోడను ఢీకొట్టడమంటే దాదాపు మూడంతస్తుల మేడ మీంచి పడటంతో సమానం. తల డ్యాష్‌బోర్డుకు కొట్టుకుని స్పృహ తప్పినవాడు మంటల్లోంచి ఎలా బయటికొస్తాడు? బెల్టు ఉన్నవాడికి కనీసం దాన్ని విప్పుకునే తెలివి మిగులుతుంది. పైగా మంటలు రేగే ప్రమాదాలు తక్కువ, తల పగిలేవే ఎక్కువ. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో బెల్టు పెట్టుకోక చనిపోయినవారు 16,715 మంది. అందులో 8,384 మంది డ్రైవర్లు, 8,331 మంది పక్కనో వెనకో కూర్చున్నవారు. సగానికి సగం!

తెలుగువాళ్లకు మరిచిపోలేని ఉదాహరణ ఒకటుంది. 1982లో ఎన్టీఆర్ రాష్ట్రమంతా తిరిగిన చైతన్య రథం పాత షెవర్లే వ్యాను. స్టీరింగు పట్టింది ఆయన కొడుకు హరికృష్ణ. (అదే ఎన్టీఆర్‌ను 1989లో ఓడించిన కల్వకుర్తి నేడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది.) ఆ పాత బండిని ఊరూరా తిప్పి క్షేమంగా దిగిన చేతులవి. 2018 ఆగస్టు 29 తెల్లవారుజామున నల్గొండ జిల్లా అన్నెపర్తి దగ్గర ఆయన నడుపుతున్న కొత్తతరం కారు డివైడరును ఢీకొంది. ఆయన బయటికి ఎగిరిపడ్డారు. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. డ్రైవింగ్‌లో చెయ్యి తిరిగినవాడికి బెల్టెందుకు అనేవాళ్లకు ఇంతకుమించి ఏం చెప్పాలి?

<b>కోట పక్కన, బెంచీ మీద</b>

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి ఎర్రవల్లి నుంచి కుడివైపు తిరిగితే గద్వాల. కోటలో చెన్నకేశవస్వామి గుడి, అదే ఆవరణలో డిగ్రీ కాలేజీ. నూలు చీరకు పట్టు అంచును కలిపి నేసే మగ్గాలు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నేలను నడిగడ్డ అంటారు. పత్తి విత్తనాల సాగుకు పేరు. పత్తి ఏరే రోజుల్లో తెల్లవారకముందే కూలీలను తీసుకెళ్లే ఆటోలు, జీపులు బయల్దేరతాయి.

ఆ జీపుల వెనక భాగం చూడండి. ఎదురెదురుగా రెండు బెంచీలు. కూర్చున్నవాళ్లు మోకాళ్లు తగిలేలా ఒకరినొకరు చూస్తూ ఉంటారు. నిబంధన చెప్పింది ముందుకు చూసే సీట్ల గురించి. అంటే పక్కకు చూస్తూ కూర్చునే కూలీల ఊసే అందులో లేదు. ముందు సీటు యజమానికి బెల్టు లేకపోవడం ఆయన ఇష్టం అనుకుందాం. వెనక ఒళ్లో సద్దిమూట పెట్టుకుని కూర్చున్న ఆడమనిషికి ఆ ఇష్టాయిష్టాల ప్రసక్తి ఎక్కడిది? బస్సు రాని ఊరు, ఆరింటికల్లా చేలో ఉండాలి. వచ్చిన బండి ఎక్కడమే. 'నా బండి, నా ప్రాణం' అన్న మాటలో మొదటి సగం డ్రైవరుది, రెండో సగం మాత్రం పది మందిది.

వనపర్తిలో మరో ముచ్చట. సంస్థానాధీశుల రాజభవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. రాజుల ఇంట్లో ఇంజినీరింగ్ పాఠాలు! పాత కట్టడాన్ని కూల్చకుండా కొత్త పనికి వాడుకోవడం ఈ ఊరికి తెలుసు. పాత బండికీ ఆ దారి లేకపోలేదు. నడుముకు కట్టుకునే రెండు కొసల బెల్టునైనా బిగించొచ్చు. అయితే దాన్ని తుప్పు పట్టిన నేల రేకుకు నట్టు వేసి వదిలేస్తే లాభం లేదు, కుదుపుకు రేకుతో సహా ఊడొస్తుంది. అడుగున దళసరి ఇనుప పట్టీ వేసి, ఛాసిస్‌కు ఆనేలా బిగించాలి. ఇది తెలిసిన మేస్త్రీ చెయ్యాల్సిన పని.

యాభై ఏళ్లు దాటిన కార్ల సంగతి వేరు. 2021 నిబంధనలతో అవి 'వింటేజ్' కింద 20,000 రూపాయలు కట్టి ప్రత్యేకంగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. ప్రదర్శనలకు, ర్యాలీలకు నడుపుకోవచ్చు. రోజువారీ తిరుగుళ్లకు మాత్రం కుదరదు. నడిగడ్డ జీపులకు ఇంత హోదా ఎక్కడిది లెండి.

వనపర్తి నుంచి గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూల్ పోయే దారి ఇరుకు. ఎదురుగా ఎద్దులబండి వస్తే ఎవరైనా వేగం తగ్గించాల్సిందే. ఇక్కడ పాత జీపు తన ఈడు దారిలోనే ఉన్నట్టు అనిపిస్తుంది, నలభై దాటనివ్వదు. అదే జీపు జాతీయ రహదారి ఎక్కితే పక్కనుంచి లారీలు వంద మీద దూసుకుపోతుంటాయి. బండి మారలేదు, కింద రోడ్డు మారిపోయింది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది గానీ, దాని కాలంలో ఇక్కడ నాలుగు వరసల రోడ్డు ఊహకైనా లేదు. పాత బండి ఉన్నవారికి చెప్పగలిగిన సలహా ఏదైనా ఉంటే అది ఇదే... ఊళ్ల దారిలో తిప్పుకోండి, నలుగురిని ఎక్కించుకుని పెద్దరోడ్డు ఎక్కకండి.

నాగర్‌కర్నూల్ నుంచి అచ్చంపేట దాటితే నల్లమల మొదలు. శివరాత్రికి శ్రీశైలం పోయే బండ్లన్నీ ఈ దారినే పడతాయి. మన్ననూరు దగ్గర అటవీశాఖ గేటు. పులులు తిరిగే అడవి కాబట్టి రాత్రి 9 కాగానే మూసేస్తారు. బెల్టున్న కారైనా, లేని జీపైనా ఉదయం 6 దాకా అక్కడే పడుకోవాలి. గేటు దగ్గర ఆగిన బండ్ల చుట్టూ అప్పటికే టీ కొట్లు వెలిగి ఉంటాయి.