రాయచోటి మీదుగా కువైట్

రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొడితే చాలు, మధ్యన దూరమెంతో, ఎన్ని గంటలు పడుతుందో ఫోను ఠక్కున చెప్పేస్తుంది. చెన్నై నుంచి కువైట్‌కు గాలిలో దాదాపు 3,770 కిలోమీటర్లు, ఐదు గంటలు. లెక్క సరైందే. అయితే కడప వైపు జనానికి కువైట్ ప్రయాణం రాయచోటిలోనో, రాజంపేటలోనో, సుండుపల్లెలోనో సొంత గడప దగ్గరే మొదలవుతుంది.

పోయేది ఒక్కరే, సాగనంపేది ఏడెనిమిది మంది. బండి బాడుగకు మాట్లాడుకుంటారు. రాయచోటి నుంచైతే పీలేరు, తిరుపతి, పుత్తూరు దాటి చెన్నైకి ఐదారు గంటలు. విమానానికి మూడు గంటల ముందే అక్కడ ఉండాలి. దారిలో టైరు పంక్చరైతే ఎట్లా అని పెద్దోళ్ళు ఇంకో గంట ముందే తరుముతారు. విమానంలో బెల్టు పెట్టుకునేసరికే పది గంటలు ఖర్చు.

ఇందులో తమాషా ఏమంటే, కువైట్ మనకు వాయవ్యాన ఉంది, చెన్నై ఆగ్నేయాన ఉంది. చేరాల్సిన ఊరికి వీపు పెట్టి 250 కిలోమీటర్ల దాకా పోతామన్నమాట. భూగోళం మీద చెన్నై, కువైట్‌ల నడుమ దారం బిగించినట్టు లెక్క కడితే, ఆ దారి రాయచోటికి ఏ పది పన్నెండు కిలోమీటర్ల పక్కనుంచో పోతుంది! పైలట్లు గీత గీసినట్టు పోరు, గాలినిబట్టి, కంట్రోలు వాళ్ళ మాటనుబట్టి అటూ ఇటూ జరుగుతారు. అయినా లేచిన ఇరవై నిమిషాలకల్లా మనవాడు ఇంచుమించు సొంతూరి ఆకాశంలో ఉంటాడు. సాగనంపిన బండి అప్పటికి చెన్నై ట్రాఫిక్కు కూడా దాటి ఉండదు.

కడపలో విమానాశ్రయం లేక కాదు. 2015 జూన్ 7న ప్రారంభించారు. కర్నూలుకు ఓర్వకల్లులో 2021 మార్చిలో వచ్చింది, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు, బాగుంది. కానీ ఇక్కడ మనం చూసేది డెబ్బై ఎనభై మంది పట్టే చిన్న ఏటీఆర్ విమానాలను. దగ్గరి నగరాలకు పోతాయి గానీ అరేబియా సముద్రం దాటే సత్తా వాటికి లేదు. కర్నూలు వాళ్ళకు శంషాబాద్ విమానాశ్రయం మూడు గంటల్లో వస్తుంది, వాళ్ళకు తిప్పలు తక్కువ.

గడియారం గారడీ ఇంకొకటి. కువైట్ టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. తెల్లవారి 5 గంటలకు చెన్నైలో లేస్తే అక్కడ దిగేది ఏడున్నరకే. ఐదు గంటల ప్రయాణంలో సగం ఎవరో మాఫీ చేసినట్టుంటుంది. తిరిగొచ్చేటప్పుడు ఆ బాకీ పూర్తిగా కట్టాల్సిందే, వడ్డీ ఒక్కటే లేదు. చలికాలంలో పడమటి గాలులు వెనకనుంచి తోస్తాయి కాబట్టి అరగంట కలిసిరావచ్చు.

సెలవు మీద వచ్చేవాడికి ఆ అరగంట ఏ మూలకు? రాయచోటి దరిదాపుల్లోనే విమానం కిందికి దిగడం మొదలుపెడుతుంది. ఇంకో ఇరవై నిమిషాల్లో చెన్నై. అక్కడ పెట్టెలు బండి మీద కట్టుకుని, దాటొచ్చిన ఊరికి మళ్ళీ ఐదారు గంటలు. బాడుగ వేరే.