ఒక మాట, ఒక గ్రామము

చంద్రధర శర్మ గులేరి రచించిన 'ఉస్‌నే కహా థా' అనే హిందీ కథను తెలుగు చేస్తున్నప్పుడు ఒక చిన్న మాట వద్ద నా కలము ఆగిపోయినది. ఆ మాట 'ఖందక్'. 1915లో 'సరస్వతి' పత్రికలో వెలువడిన ఆ కథలో సిక్కు సిపాయిలు ఐరోపా రణరంగములో, ఖందకులలో, రాత్రింబవళ్లు చలికి కొయ్యబారి కూర్చుని ఉంటారు. తెలుగులో 'కందకము' సిద్ధముగానే ఉన్నది. చెవికి రెండును తోబుట్టువులవలె తోచును. కాని మన కందకము కోట చుట్టూ త్రవ్విన అగడ్త. నీటితో నిండి శత్రువును ఆవలనే నిలుపునది. అందులో మనుష్యులు కాపురముండరు. 'గొయ్యి' అందామంటే పూడ్చిపెట్టే గొయ్యి స్ఫురించును. 'ట్రెంచి' అని వ్రాస్తే ఆ సిపాయి నోట వార్తాపత్రికను పలికించినట్లుండును.

నిఘంటువులు ఈ చిక్కు తీర్చలేదు. అప్పుడు పటములు తెరచినాను. ఆ కథకు ఫలానా ఊరే రంగస్థలమని చెప్పలేము గాని, ఆ సంవత్సరములలో మన సైనికులు ఎక్కువగా నిలిచిన నేలను వెదకుతూ పోగా నా వ్రేలు నవ్ షపెల్ అనే పల్లె మీద నిలిచినది. ఆ పల్లెను నేను కన్నులార చూడలేదు. అయినను నాకు తెలిసిన అనేక గ్రామములకంటె అది ఇప్పుడు నాకు బాగా పరిచితము.

అది ఉత్తర ఫ్రాన్సులో, పా-ద-కలే మండలములో, లిల్ నగరమునకు నైరృతి దిక్కున ఉన్నది. పేరునకు 'కొత్త దేవళము' అని అర్థము. ఆ 'నవ్' మన 'నవ' శబ్దమునకు దూరపు దాయాది. కొత్తపల్లెలు, కొత్తపేటలు గల మనకు ఇటువంటి పేరు వింత కాదు. చుట్టూ బల్లపరుపు నేల, జిగట మన్ను, పొలముల గట్ల వెంట మురుగు కాలువలు. ఊరికి తూర్పున లే అనే చిన్న వాగు. దాని కవతల బియె తోపు, ఇంకను తూర్పున ఓబేర్ మెరక. మెరక అన్నమాటే గాని దానిని మన కొండ ప్రాంతములవారు గట్టు అని కూడా అనరు. అయినను అంత సమతలములో ఆ కొద్దిపాటి ఎత్తే సేనాపతులకు మేరువైనది. దానిపై నిలిచినవానికి క్రింది పల్లెలన్నియు అరచేతిలోని ఉసిరికాయలు.

ఈ నేలలో రెండు మూడడుగులు త్రవ్వితే చాలు, నీరు ఊరును. 1914 శరత్తులో మార్సెయిల్స్ రేవులో దిగిన లాహోరు, మీరట్ డివిజన్ల సైనికులను అక్కడికే పంపినారు. వారు త్రవ్వినది త్రవ్వినట్లే నిండిపోయినది. చలికాలములో మోకాటిలోతు నీటిలో నిలబడి కాపలా కాసినారు. చివరకు త్రవ్వుట కొంత మాని, మట్టిసంచులతో నేలమీదనే కట్టలు పోసుకొనవలసి వచ్చినది. గులేరి కథలో ఒక సిపాయి బొక్కెనతో బురదనీటిని ఎత్తి వెలుపల పోయుట ఎందులకో నాకప్పుడు బోధపడినది. అంతకుముందు దానిని వినోదపు ఘట్టముగా చదివినాను.

1914 అక్టోబరు చివర జర్మనులు ఈ గ్రామమును పట్టుకొన్నారు. 28వ తేదీన 47వ సిక్కు పటాలమును, సాపర్లు మైనర్ల రెండు కంపెనీలును వీధులలోనికి చొచ్చుకొనిపోయి, ఇంటింటను పోరాడి, నిలుపుకొనలేక, ఘోర నష్టముతో వెనుదిరిగినవి. మరల 1915 మార్చి 10న ఉదయము 35 నిమిషముల పాటు ఫిరంగులు గర్జించిన పిమ్మట బ్రిటిష్, భారతీయ దళములు కదలినవి. ఆనాడే గ్రామము చేజిక్కినది. కాని వార్తలు అందక, గుండ్లు చాలక, మెరక మాత్రము అందలేదు. 13వ తేదీకి పోరు ఆగేసరికి దాడి చేసినవారిలో 11,000 మందికి పైగా మరణించుటయో, గాయపడుటయో, జాడలేకుండా పోవుటయో జరిగినది. వారిలో నాలుగువేల మందికి పైగా మనవారు. మొదటినాడే నేలకొరగిన గఢ్వాల్ రైఫిల్స్ సిపాయి గబర్ సింగ్ నేగికి మరణానంతరము విక్టోరియా క్రాస్ లభించినది. అప్పటికి అతనికి ఇరువది ఏండ్లు నిండలేదు.

గ్రామములో నిలిచిన గోడ అరుదు. శిథిలముల నడుమ ఒక క్రీస్తు శిలువ మాత్రము మిగిలినది. 1918 ఏప్రిల్ 9న ఈ ప్రాంతమును కాచుచున్న పోర్చుగీసు సేన జర్మనుల ధాటికి చెదరిపోయినది. ఛిన్నాంగమైన ఆ క్రీస్తు ప్రతిమను 1958లో ఫ్రాన్సు పోర్చుగలుకు ఇచ్చినది. నేడది బటాల్యా మఠములో అజ్ఞాత సైనికుని సమాధి వద్ద ఉన్నది. యుద్ధానంతరము రైతులు తిరిగివచ్చి ఊరిని మరల కట్టుకొన్నారు. 'కొత్త' అన్న పేరు రెండవమారు సార్థకమైనది.

ఊరి చెంత నాలుగు దారులు కలియుచోట 1927లో భారతీయ స్మారకమును ఆవిష్కరించినారు. హెర్బర్ట్ బేకర్ నిర్మించిన వర్తులాకారపు ప్రాకారము. అశోక స్తంభమును తలపించే పదునైదు మీటర్ల కంబము. ఇరువైపుల రెండు శిలావ్యాఘ్రములు. సమాధి ఎక్కడో తెలియని 4,700 మందికి పైగా సైనికుల, శ్రామికుల పేర్లు గోడమీద చెక్కియున్నవి. నేగి పేరును అక్కడనే ఉన్నది.

పేర్లు రాతిమీద నిలిచినవి. మాటలు నిలిచినవా? మన సైనికుల ఉత్తరములను పరిశీలించుటకు ప్రభుత్వము ఒక తనిఖీ శాఖను నెలకొల్పినది. అచ్చటి ఉద్యోగులు ఉర్దూ, హిందీ, గురుముఖి లేఖలనుండి కొన్ని భాగములను ఆంగ్లములోనికి మార్చి భద్రపరచినారు. మూలలేఖలలో చాలభాగము నేడు లేవు. నల్ల మిరియాలు అయిపోవచ్చినవి, ఇక ఎర్ర మిరప వాడుతున్నారు అని ఒకడు ఇంటికి వ్రాసినాడట. నల్లవి భారతీయ సేనలు, ఎర్రవి తెల్లవారి సేనలు. ఇంటివారికి మాత్రమే తెలియవలెనని దాచిన గూఢార్థమును ముందుగా గ్రహించినవాడు అనువాదకుడే. ఈ వృత్తిలో ఇన్నేండ్లు గడిపిన నాకు ఆ సంగతి చదివినప్పుడు గర్వము కలుగలేదు, సిగ్గే కలిగినది. ఆ సిపాయి గొంతు నేడు మనకు వినబడుతున్నదంటే, అది తనను కాపలాకాసినవాని చేతివ్రాతలోనే.

కనుక ఆ కథలోని మాటనైనను నేను చెడగొట్టరాదనుకొన్నాను. 'కందకము' అనియే ఉంచినాను. నీరు నిండిన అగడ్త అన్న అర్థమే నాకు మొదట అడ్డుగా తోచినది. నవ్ షపెల్ మన్ను ఎటువంటిదో తెలిసిన పిదప ఆ అర్థమే సరియైనదని తేలినది. ఒక్క భేదము మాత్రము ఉన్నది: మన కోటలలో మనుష్యులు కందకమునకు లోపలి ఒడ్డున ఉండేవారు, వీరు నీటిలోనే ఉన్నారు.