కరవని కుక్కతోనూ జాగ్రత్త

‘ఇంట్లో కుక్క ఉందా?’ అని అడిగారు డాక్టరు. ‘ఉందండీ, కానీ అది ఎవర్నీ కరవదు’ అంది జ్వరంతో వచ్చిన ఆమె. నిన్నమొన్నటి పోర్ట్ బ్లెయిర్, ఇప్పటి శ్రీ విజయపురంలో వానాకాలం ప్రాక్టీసు చేసే వైద్యులకు ఈ జవాబు కొత్త కాదు.

శ్రీకాకుళం వైపు నుంచి ఏనాడో వచ్చి స్థిరపడ్డ కుటుంబం ఆమెది. నాలుగు రోజులుగా జ్వరం, ఒళ్ళునొప్పులు. పిక్క మీద బొటనవేలితో నొక్కగానే ‘అమ్మో’ అని కాలు లాక్కుంది. కళ్ళు ఎర్రబడ్డాయి గానీ పుసి లేదు. కాలివేళ్ళ సందున ఒరిసిన పుండు. రోజూ పొద్దున్నే కుక్క పడుకునే వసారాను చెప్పుల్లేకుండా కడగడం ఆమె పని.

రక్తపరీక్షలో లెప్టోస్పైరోసిస్ అని తేలింది. మనవాళ్ళు ఎలుక జ్వరం అనేది దీన్నే.

అండమాన్‌కు ఈ జబ్బు పాత చుట్టం. ఇక్కడి లెప్టోస్పైరోసిస్ మీద టేలర్, గోయల్ అనే పరిశోధకులు 1931లోనే గ్రంథం వెలువరించారు. ఆ తర్వాత దాని ఊసు మరుగున పడింది. 1988 నుంచి ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్ ప్రాంతంలో జ్వరంతో పాటు దగ్గులో రక్తం పడుతూ జనం ఆస్పత్రుల పాలయ్యారు. కారణం అంతుపట్టక దాన్ని ‘అండమాన్ రక్తస్రావ జ్వరం’ అన్నారు. అదీ లెప్టోస్పైరోసిసేనని 1990లలో గానీ తేలలేదు. పోర్ట్ బ్లెయిర్‌లో 1983లో ఏర్పడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పరిశోధన కేంద్రం ఈ జబ్బు అధ్యయనానికి దేశమంతటా పేరు తెచ్చుకుంది.

ఈ జబ్బు తెచ్చే క్రిమి ఎలుక, కుక్క, పంది, పశువుల మూత్రపిండాల్లో ఉండి మూత్రంతో బయటికొస్తుంది. పైకి హుషారుగా గెంతే కుక్క కూడా నెలల తరబడి క్రిమిని విసర్జించవచ్చు. ఎండిన నేలలో అది చస్తుంది, తడినేలలో వారాల తరబడి బతుకుతుంది. పుండు పడ్డ కాలితో ఆ తడి తొక్కితే ఒంట్లోకి చేరుతుంది. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే దీవుల్లో నేల ఆరేదెప్పుడు?

‘అయితే కుక్కను వదిలెయ్యమంటారా?’ అని ఆమె భర్త దిగులుగా అడిగాడు. అక్కర్లేదన్నారు డాక్టరు. రాత్రి కుక్క గిన్నెలో ఏం మిగులుతుందని ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. చేపల కూర కలిపిన అన్నం తెల్లారేదాకా అక్కడే ఉంటుంది. దానికోసం ఎలుకలొస్తాయి.

కుక్క తినగానే గిన్నె కడిగి బోర్లించాలి. వసారా కడిగేటప్పుడు బూట్లు, చేతి తొడుగులు వేసుకోవాలి. మూత్రం పడ్డచోట ఒక వంతు బ్లీచ్‌కు పది వంతుల నీళ్ళు కలిపి పోయాలి. కుక్కపిల్లకు రెండు నుంచి నాలుగు వారాల ఎడంతో రెండు డోసుల టీకా, ఆపైన ఏటా ఒకటి వేయించాలి. టీకా అన్ని రకాల క్రిములనూ ఆపదు, కాబట్టి శుభ్రత తప్పదు. కుక్క తిండి మాని, వాంతులు చేసుకుని, చిగుళ్ళు పచ్చబడితే వెంటనే పశువైద్యుడికి చూపాలి.

ఇక కరిచే కుక్క సంగతి. రేబిస్ లేని దీవులన్న పేరున్నా కుక్క కాటును తేలిగ్గా తీసుకోకూడదు. ప్రధాన భూభాగం నుంచి కుక్కలు ఓడల్లో వస్తూనే ఉంటాయి. గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బునీళ్ళతో కడిగి ఆస్పత్రికి వెళ్ళాలి.

ఆమెకు వేళకు మందు పడింది, డాక్సీసైక్లిన్‌తోనే కోలుకుంది. ఆలస్యమైతే మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతినేవి. అందుకే వానల్లో జ్వరంతో ఆస్పత్రికి వెళ్తే, డాక్టరు అడగకపోయినా ఇంట్లో కుక్క ఉందని, తడినేలలో చెప్పుల్లేకుండా తిరిగామని మీరే చెప్పండి.