డిక్కీలో యాంప్‌కు చోటు

మా ఉత్తరాంధ్రలో కారు డిక్కీ ఖాళీగా తిరగదు. ఉద్దానంలో చుట్టాలింటికి వెళ్తే కొబ్బరికాయలూ పనసపండూ ఎక్కించనిదే కదలనివ్వరు. పలాస మీదుగా వస్తే జీడిపప్పు డబ్బా తోడవుతుంది. పండక్కి ఊరెళ్లి వచ్చేవాళ్ల కారులో కొత్తబియ్యం బస్తా, అరిసెల డబ్బా, పెరట్లో కాసిన ఆనపకాయలు తప్పవు. ఆడపిల్లను అత్తారింటికి పంపితే సారె సగం అందులోనే వెళ్తుంది. అలాంటి డిక్కీలోకి ఒక పాటల యంత్రాన్ని తెచ్చి శాశ్వతంగా చోటివ్వడం తేలిగ్గా తీసుకోవాల్సిన పని కాదని నా నమ్మకం.

మా అన్నయ్యకు గాయని సుశీల పాటంటే ప్రాణం. ఉద్యోగం శ్రీకాకుళంలో, ఇల్లు విజయనగరంలో. రోజులో కొంత భాగం కారులోనే గడుస్తుంది. కారుతో వచ్చిన స్పీకర్లలో గొంతు వినిపిస్తుంది గానీ, దాని కింద నడిచే తబలా పలచబడిపోతుంది. అందుకని నాలుగు స్పీకర్లకూ ఒక సబ్‌వూఫర్‌కూ సరిపడా యాంప్లిఫయర్ పెట్టించుకుందామనుకున్నాడు. కారు చిన్న హ్యాచ్‌బ్యాక్. తన కూతురు సంగీత కళాశాలలో వీణ నేర్చుకుంటోంది. ఆ వీణ బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేయించింది. వెనక సీటు మడిస్తే గానీ కారులో పట్టదు.

కార్ డెకర్స్ షాపు కుర్రాడు డిక్కీ తలుపెత్తి కాసేపు చూసి, “ఇందులో ఏటేటి మోత్తారో ముందు సెప్పండి బాబూ. జాగా తరవాత సూద్దాం” అన్నాడు. పని తెలిసినవాడి మాట అది. యాంప్ ఎక్కడ పెట్టాలో యాంప్‌ను చూసి తేల్చలేం. ఆ కారు ఎవరిది, అందులో ఏం ప్రయాణం చేస్తుంది, ఏ గాలిలో తిరుగుతుంది అన్నవే తేలుస్తాయి.

ముందు వేడి సంగతి. స్టీరియో నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ను బ్యాటరీ బలంతో పెద్దది చేసి స్పీకర్‌ను కదిలించడమే యాంప్ పని. తీసుకున్న కరెంటులో కొంత పాటవుతుంది, మిగిలింది వేడవుతుంది. పాతరకం క్లాస్ ఏబీ యాంప్‌లో సుమారు సగమే పాటగా మారుతుంది. క్లాస్ డీ రకంలో ఎనభై శాతం దాకా, ఒక్కోసారి అంతకు మించి కూడా మారుతుంది. 500 వాట్ల శబ్దం ఆగకుండా ఇవ్వాల్సివస్తే మొదటిది ఇంకో 500 వాట్లు వేడిగా వదులుతుంది, రెండోది 125 వాట్ల దగ్గర ఆగుతుంది. పాట ఎప్పుడూ నిండు బలంతో సాగదు కాబట్టి నిజంగా పుట్టే వేడి దీనికన్నా బాగా తక్కువే. కానీ వైశాఖంలో 35 డిగ్రీల ఎండలో నిలబెట్టిన కారు లోపల గంటలోనే 50 దాటుతుంది. యాంప్ పాట మొదలుపెట్టకముందే కాలిపోతూ ఉంటుంది. హద్దు దాటితే తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు చాలా యాంపుల్లో ఉంటుంది. అది మాటిమాటికీ ఆగుతోందంటే చోటు తప్పని అర్థం.

ఆ వేడిని బయటికి పంపడానికే యాంప్ ఒంటిమీద అల్యూమినియం రెక్కలుంటాయి. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి యాంప్‌ను నిలువు గోడకు, రెక్కల మధ్య చాళ్లు కిందనుంచి పైకి ఉండేలా బిగిస్తే గాలి దానంతటదే పారుతుంది. నేలమీద పడుకోబెట్టినా పరవాలేదు, పైన గాలి ఆడాలి. పార్సిల్ ట్రే అడుగున తలకిందులుగా వేలాడదీయడం మాత్రం అన్నిటికంటే చెడ్డది. వచ్చిన వేడి మళ్లీ యాంప్ ఒంట్లోకే పోతుంది. సెడాన్‌లో డిక్కీ వేరే గది కాబట్టి అక్కడికి ఏసీ చల్లదనం దాదాపు చేరదు. హ్యాచ్‌బ్యాక్‌లో కొంతైనా చేరుతుంది.

ఇక చోట్ల సంగతి. చాలామందికి ముందు కనబడేది సబ్‌వూఫర్ పెట్టె. దాని మీదే యాంప్ బిగిస్తే వైరు తక్కువ పడుతుంది, పని త్వరగా అవుతుంది. కానీ పెట్టె పని అదరడం. ఆ అదురు నెలల తరబడి యాంప్ లోపలి టంకాలను, బయటి స్క్రూలను కదుపుతూనే ఉంటుంది. డిక్కీ నేల విశాలంగా కనిపిస్తుంది గానీ దాని కింద స్టెప్నీ ఉంటుంది. సాలూరు ఘాట్‌లో రాత్రిపూట టైరు పంచరైతే, స్టెప్నీ తీయడానికి ముందు యాంప్ విప్పాల్సి రావడం ఏ ఇంటివాళ్లకూ రాకూడదు. పైగా నేలమీద యాంప్ అంటే దానిమీద బియ్యం బస్తా పడ్డట్టే. బస్తా కప్పేస్తే రెక్కలున్నా ఊపిరాడదు.

వెనక సీటు వీపు చాలా కార్లలో మంచి చోటే. ఒక ప్లైవుడ్ పలక బిగించి దానిమీద యాంప్ నిలబెడతారు. సీటు ఎప్పుడూ మడవని ఇంటికి అది సరిపోతుంది. మా ఇంట్లో సీటు మడవకపోతే వీణ ఎక్కదు. పైగా మడిచిన ప్రతిసారీ వైర్లు వంగి, ఎక్కడో ఒకచోట లోపలి రాగి తెగుతుంది. సీఎన్‌జీ సిలిండర్ డిక్కీని ఆక్రమించిన కార్లలో ఆ గొడవే లేదు. అక్కడ చిన్న క్లాస్ డీ యాంప్‌ను ముందు సీటు కింద పెట్టుకోవడం మేలు.

వీణ గురించి ఇంకొక్క మాట చెప్పాలి. బొబ్బిలి వీణకు పేరు తెచ్చింది ఏకాండి పనితనం. కుండ, దండి అతుకు లేకుండా ఒకే పనసమాను నుంచి తొలుస్తారు. ఆ దండిమీద ఇరవై నాలుగు మెట్లనూ తేనెమైనంలో మసి కలిపిన ముద్దలో కూర్చోబెడతారు. ఒక్కో మెట్టునూ చెవితో విని, స్వరం నిలిచేచోటే నిలుపుతారు. వేడి తగిలితే ఆ మైనం మెత్తబడుతుంది, మెట్టు జరుగుతుంది, మళ్లీ మేళం కట్టించుకోవాలి. అందుకే యాంప్ రెక్కలకు వీణ ఆనుకోకూడదు. ఎండలో ఆపిన కారులో వీణను వదలనే కూడదు. ఒక డిక్కీలో రెండు వాద్యాలు ప్రయాణం చేస్తున్నప్పుడు, వేడికి ఓర్చలేనిదానికి ముందు దారివ్వాలి.

చివరికి డిక్కీ పక్కగోడ మిగిలింది. చక్రం గూడుకు పైన, ప్లాస్టిక్ తొడుగు వెనక ఖాళీ ఉంటుంది. రెండు గోడల్లో ఏదన్నది పెట్రోలు మూత చెప్పింది. మూత ఎడమపక్కనుంటే పెట్రోలు గొట్టం ఆ గోడ లోపలినుంచే ట్యాంకుకు దిగుతుంది. అటు డ్రిల్ పెట్టకూడదు. ట్యాంకేమో చాలా చిన్న కార్లలో వెనక సీటు కింద ఉంటుంది. డిక్కీ నేల అడుగున పెట్రోలు గొట్టాలూ బ్రేకు గొట్టాలూ పోతుంటాయి. కనుక ఎక్కడ రంధ్రం చేసినా రేకుకు అవతలివైపు ఏముందో కళ్లారా చూశాకే డ్రిల్ ఆన్ చేయాలి. మా కారుకు కుడిగోడ కుదిరింది. ప్లైవుడ్ పలక, పలకకూ రేకుకూ మధ్య రబ్బరు వాషర్లు, యాంప్ ముందు బస్తా ఆనకుండా చిన్న ఇనుప జాలీ. యాంప్ కూడా పొట్టి క్లాస్ డీ రకమే తీసుకున్నాం.

చోటు ఖాయమయ్యాక దానికి పోసే కరెంటు సంగతి. ఇంజన్ నడుస్తున్నప్పుడు సుమారు 14 వోల్టులు అందుతాయి. ఆ లెక్కన ఎనభై శాతం పనితనంతో 500 వాట్లు నిండుగా పలికితే సుమారు 45 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ ముందు, యాంప్ వెనక. మధ్యలో నాలుగైదు మీటర్ల లావుపాటి వైరు రేకుల మధ్యనుంచి వస్తుంది. ఎక్కడైనా తొడుగు ఒరుసుకుపోయి రాగి రేకును తాకితే బ్యాటరీ వందల ఆంపియర్లు ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. మంటలు లేచేది అలాగే. అందుకే ఫ్యూజు బ్యాటరీకి అడుగున్నర లోపే ఉండాలి. అది యాంప్‌ను కాపాడటానికంటే వైరునూ కారులో కూర్చున్నవాళ్లనూ కాపాడటానికి. వెనక యాంప్ పక్కన మాత్రమే ఫ్యూజు పెట్టి పని అయిందనేవాళ్ల మాట ఒప్పుకోవద్దు.

పవర్ వైరు ఒక పక్క గుమ్మం వెంట వస్తే, సిగ్నల్ వైర్లు రెండోపక్కనుంచి రావాలి. కలిపి లాగితే ఇంజన్ వేగంతో పాటు పెరిగే సన్నని ఈల పాటలోకి చేరే ప్రమాదముంది. ఎర్త్ సరిగా లేకపోయినా అదే ఈల. ఎర్త్ వైరు అర మీటరుకు మించకుండా, పవర్ వైరంత లావుగా ఉండాలి. రేకుమీది పెయింటు గీకి, మెరిసే ఇనుముకే బోల్టు పడాలి. సీటు బెల్టు బోల్టును అందుకు వాడకూడదు. అది ప్రాణం నిలపాల్సిన బోల్టు.

ఇక్కడే మా నేల తన మాట చెప్పుకుంటుంది. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 190 కిలోమీటర్ల సముద్రతీరం. కళింగపట్నం, బారువ, భావనపాడు వైపు తిరిగే కారుకు ఉప్పుగాలి ఎప్పుడూ తగులుతూనే ఉంటుంది. పెయింటు గీకిన ఇనుముకు ఆ గాలి తగిలితే తుప్పు పడుతుంది, ఎర్త్ సన్నబడుతుంది, ఈల మొదలవుతుంది. బోల్టు బిగించాక పైన పెయింటో గ్రీజో పూయించుకోవడం ఇక్కడ తప్పనిసరి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాన్లు వచ్చినప్పుడు ఈ జిల్లాలు చూసిన నీళ్లను ఎవరూ మరవలేదు. కారులోకి చేరిన నీరు ముందు నిలిచేది స్టెప్నీ గుంటలోనే. డిక్కీ తలుపు రబ్బరు పాతబడితే తుపాను అక్కర్లేదు, ఒక గట్టి వాన చాలు. గోడమీద ఎత్తుగా నిలబెట్టిన యాంప్‌కు అదొక రక్షణ.

ఇంత జాగ్రత్త ఎందుకని అడిగితే, నా జవాబు మా విజయనగరం చెవిలో ఉంది. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసును దానికి మొదటి అధిపతిని చేశారు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ నేర్పారు. ఘంటసాల అక్కడే చదివారు. విజయనగరంలోనే పుట్టిన సుశీల కూడా అక్కడే చదివారు. దాసుగారు హరికథ మొదలుపెట్టిన కాలానికి మైకు లేదు. గొంతు, చిడతలు, కాలి గజ్జెలతోనే పందిరంతా వినిపించాలి. చివరి వరసలో కూర్చున్న రైతుకూ అక్షరం పోకుండా చేరాలి. ఆ శ్రద్ధలోంచి వచ్చిన గొంతుల్ని మనం కారులో మోసుకు తిరుగుతున్నాం. వాటిలోకి ఇంజన్ ఈల చొరబడనివ్వడం, బాస్ పెంచి మాటను ముంచేయడం నాకు సమ్మతం కాదు. యాంప్ ఉన్నది వీధిని అదరగొట్టడానికి కాదు. 80 కిలోమీటర్ల వేగంలో టైర్ల హోరు మీద కూడా సుశీల పలికిన ప్రతి అక్షరం అందడానికి ఉంది.

కారుకు యాంప్ పెట్టించాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. షాపుకు వెళ్లేముందు డిక్కీలో మీ ఇంటి సామాను అంతా ఒకసారి సర్ది చూడండి. అన్నీ ఎక్కాక, స్టెప్నీకి దారి మిగిలాక, గాలి ఆడే గోడ ఎక్కడ ఖాళీగా ఉందో అదే యాంప్ చోటు. రేకు వెనక ఏముందో, ఫ్యూజు ఎక్కడ పెడతాడో, ఎర్త్ ఎక్కడ వేస్తాడో డ్రిల్ ఎత్తకముందే పనివాణ్ని అడగండి. మంచి పనివాడు ఆ ప్రశ్నలకు నొచ్చుకోడు, దగ్గరికి పిలిచి చూపిస్తాడు. చూపించలేనివాడి చేతికి కారు ఇవ్వకండి.