టి.నగర్‌లో మూడు రోజులు

మదురై నుంచి మా మూడు కుటుంబాలవాళ్లం మద్రాసు చూడబోయి టి.నగర్‌లో బస చేశాం. ఎగ్మూరులో దిగి తాంబరం వైపు లోకల్ ఎక్కితే నాలుగో స్టేషన్ మాంబళం. బయటికొస్తే రంగనాథన్ వీధి. సాయంత్రం పూట అక్కడ పిల్లల చెయ్యి వదలకండి. మెరీనాకైనా మైలాపూరుకైనా అక్కణ్ణుంచి బస్సులే బస్సులు. చీరల కొట్ల సంగతి మన ఆడవాళ్లు చెబుతారు.

టి.నగర్ అంటే త్యాగరాయనగర్. ఆ పేరు మన పిట్టి త్యాగరాయ చెట్టిగారిది. అక్కడి పానగల్ పార్కు పేరు 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాజధాని ప్రభుత్వాన్ని నడిపిన పానగల్ రాజా, అంటే పానగంటి రామారాయణింగారిది. ఇది చెబితే మా మనవరాలు, "వాళ్లూ మనలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లా, తాతా?" అంది.

రెండో రోజు మైలాపూరులో పొట్టి శ్రీరాములుగారి స్మారక భవనానికి వెళ్లాం. 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న ఆయన కన్నుమూసింది అక్కడే. లోపల రాసి ఉన్న తెలుగును మా పదకొండు మందిలో పెద్దవాళ్లం ఇద్దరమే చదవగలిగాం. మిగతావాళ్లకు మేం చదివి వినిపించాం. మాట అందరికీ వచ్చు, అక్షరం రాదు. బళ్లో తెలుగు లేదు మరి.

వచ్చే ఆదివారం నుంచి పొద్దున పదింటికి మా ఇంటి వసారాలో అఆలు చెబుతున్నాం. పిల్లల్ని పంపండి, పెద్దవాళ్లూ రావచ్చు. పలకలు మేం కొని పెట్టాం.